వాలు కప్పు కొలత: పెంకులు, రేకులు ఎన్ని కావాలో సరిగ్గా తేల్చుకోవడం ఎలా?

"మా ఇల్లు 720 చదరపు అడుగులు, ఎన్ని పెంకులు పడతాయి?" అని చాలామంది అడుగుతుంటారు. ఆ ఒక్క అంకెతో ఎంత అనుభవమున్న మేస్త్రీ అయినా సరైన జవాబు చెప్పలేడు. అది నేల కొలత. కప్పు గోడలు దాటి బయటికి వస్తుంది, పైగా వాలుగా ఉంటుంది. 30 × 24 అడుగుల ఇంటికి చుట్టూ అడుగున్నర చూరు వదిలి, మామూలు పెంకుటింటి వాలు పెడితే కప్పు దాదాపు 996 చదరపు అడుగులు వస్తుంది. అంటే 276 చదరపు అడుగులు ఎక్కువ. నేల కొలతతో సరుకు తెస్తే నాలుగో వంతుకు పైగా కప్పు ఖాళీగా మిగిలిపోతుంది.

ఇంకో మాట ముందే చెప్పాలి. చదరపు అడుగుల లెక్క ధర మాట్లాడుకోవడానికి, కూలీ తేల్చుకోవడానికి పనికొస్తుంది. సరుకు మాత్రం వరసల్లో లెక్క కట్టాలి. రెండూ ఎలా కట్టాలో వరసగా చూద్దాం.

1. ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి

- 100 అడుగుల టేపు ఒకటి, 16 అడుగుల స్టీలు టేపు ఒకటి
- రెండడుగుల రసమట్టం
- తూకం గుండు, దారం
- నీళ్లు నింపిన పారదర్శకమైన లెవెల్ ట్యూబు
- గళ్ల కాగితం, పెన్సిలు, ఫోన్‌లో క్యాలిక్యులేటర్
- టేపు రెండో కొస పట్టుకోవడానికి ఒక మనిషి

కొలవడానికి పాత కప్పు మీదికి ఎక్కకండి. పాత పెంకు, పాత సిమెంటు రేకు చూడటానికి గట్టిగానే ఉంటాయి, కాలు పడగానే విరుగుతాయి. రేకు విరిగి కింద పడి ప్రాణాలు పోయినవాళ్లు ఉన్నారు. ఈ పద్ధతిలో కొలతలన్నీ నేల మీద నుంచో, లోపల నిచ్చెన మీద నుంచో తీయొచ్చు. నిచ్చెన వేసే ముందు చూరు పక్కనుంచి కరెంటు సర్వీసు వైరు పోతోందేమో చూసుకోండి. అల్యూమినియం నిచ్చెన అయితే మరీ జాగ్రత్త.

2. కప్పు బొమ్మ గీయండి

పైనుంచి చూస్తే కప్పు ఎలా కనిపిస్తుందో అలా గీయండి. అందం అక్కర్లేదు, ఏ గీత ఏమిటో తెలిస్తే చాలు.

- కొప్పు: రెండు వాలులు పైన కలిసే గీత
- చూరు: నీళ్లు కిందికి జారే అంచు
- మూల కొప్పు: నాలుగు వాలుల ఇంట్లో మూల నుంచి నడికొప్పు దాకా ఏటవాలుగా వెళ్లే గీత
- కాలువ: రెండు వాలులు లోపలికి కలిసి నీళ్లు దిగే గీత

ప్రతి వాలుకీ ఒక నంబరు ఇవ్వండి. నీళ్లు ఎటు జారతాయో బాణం గుర్తు వేయండి. ముందు వసారా వాలు ప్రధాన కప్పు కన్నా తక్కువగా ఉంటే దానికి వేరే నంబరు ఉండాలి. వాలు మారిందంటే లెక్క కూడా మారుతుంది.

3. కింద నుంచి పొడవు, వెడల్పు

గోడ నుంచి గోడకి కొలిస్తే సరిపోదు. చూరు అంచు నుంచి చూరు అంచుకి కావాలి. చూరు అంచు దగ్గర తూకం గుండు వేలాడదీసి, అది తాకిన చోట నేల మీద సుద్దతో గుర్తు పెట్టండి. నాలుగు మూలలా ఇలాగే చేస్తే కప్పు నీడ మొత్తం నేల మీదికి దిగుతుంది. ఆ గుర్తుల మధ్య పొడవు, వెడల్పు తీయండి.

పొడవు రెండు వైపులా, వెడల్పు రెండు వైపులా విడివిడిగా రాయండి. తర్వాత రెండు కర్ణాలు కొలవండి. కర్ణాలు సమానంగా లేకపోతే ఇల్లు మూలమట్టానికి లేదని అర్థం. అంగుళం, రెండంగుళాల తేడాకు టెన్షన్ అవసరం లేదు. అరడుగు దాటితే పెంకుల వరసలు ఒక పక్క కోసుకుంటూ పోవాల్సి వస్తుంది కాబట్టి తరుగు ఎక్కువ పట్టుకోవాలి.

టేపు గాలిలో వేలాడితే మధ్యలో కుంగి, ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. నేల మీద ఆనించి బిగించి కొలవండి.

4. వాలు ఎంత ఉందో పట్టడం

మన పనిలో వాలుని "అడుగుకి ఎన్ని అంగుళాలు" అని చెప్పుకుంటే సులువు. అడ్డంగా అడుగు జరిగితే కప్పు ఎన్ని అంగుళాలు లేస్తుందన్నదే వాలు. దీన్ని తెలుసుకోవడానికి నాలుగు దారులున్నాయి. వీలున్నవి రెండు చేసి సరిపోల్చుకోండి.

రసమట్టంతో: లోపల వాసం అడుగుభాగాన రసమట్టం పై కొసని ఆనించి, బుడగ మధ్యకి వచ్చేదాకా సరిచేయండి. ఆనిన కొస నుంచి 24 అంగుళాల దగ్గర, రసమట్టం పై అంచు నుంచి వాసం దాకా నిలువుగా కొలవండి. 12 అంగుళాలు వస్తే అందులో సగం, అంటే అడుగుకి 6 అంగుళాల వాలు. పాత వాసాలు వంగి ఉంటాయి కాబట్టి ఒక్క వాసంతో తేల్చకండి. రెండు కొసల్లో, మధ్యలో చూడండి.

ఎత్తు కొలిచి: గోడ పైభాగం మట్టాన్ని లెవెల్ ట్యూబుతో ఇంటి మధ్యకి తీసుకురండి. అక్కడి నుంచి కొప్పు దాకా నిలువు ఎత్తు తీయండి. అంగుళాల్లో ఉన్న ఆ ఎత్తుని అడుగుల్లో ఉన్న ఇంటి సగం వెడల్పుతో భాగించాలి. పాత మట్టి గోడలు అడుగున్నర మందం ఉంటాయి. ఎత్తు గోడ లోపలి ముఖం దగ్గర తీసి, వెడల్పు బయటి ముఖం నుంచి తీసుకుంటే లెక్క తప్పుతుంది. ఏ ముఖం నుంచి మొదలుపెడితే రెండు కొలతలూ అక్కడి నుంచే ఉండాలి.

ఇటుకలు లెక్కపెట్టి: పక్క గోడ త్రికోణానికి గిలాబా లేకపోతే ఇది చక్కటి దారి, నిచ్చెన కూడా అక్కర్లేదు. అందేచోట పది వరసల ఎత్తు కొలవండి, 35 అంగుళాలు వచ్చిందనుకుందాం. ఒక వరస మూడున్నర అంగుళాలు. గోడ పైమట్టం నుంచి కొప్పు దాకా 20 వరసలు, పైన ఇంకో 2 అంగుళాలు ఉంటే మొత్తం 72 అంగుళాలు. ఇంటి సగం వెడల్పు 12 అడుగులైతే 72ని 12తో భాగించండి. అడుగుకి 6 అంగుళాలు.

ఫోన్‌తో: వాసానికి తిన్నని చెక్క ఆనించి, దానిమీద ఫోన్ పెట్టి లెవెల్ యాప్‌లో డిగ్రీలు చూడండి. ముందుగా ఫోన్‌ని టేబుల్ మీద పెట్టి ఒకసారి, అక్కడే వెనక్కి తిప్పి ఇంకోసారి చూడండి. రెండుసార్లూ ఒకే అంకె రాకపోతే యాప్‌ని సరిచేశాకే వాడండి.

5. వాలు గుణకం

చూరుతో కలిపి వచ్చిన కింది వైశాల్యాన్ని ఈ గుణకంతో గుణిస్తే కప్పు వైశాల్యం వస్తుంది.

అడుగుకి అంగుళాల్లో:

- 2 అంగుళాలు: 1.014
- 3 అంగుళాలు: 1.031
- 4 అంగుళాలు: 1.054
- 5 అంగుళాలు: 1.083
- 6 అంగుళాలు: 1.118
- 7 అంగుళాలు: 1.158
- 8 అంగుళాలు: 1.202
- 9 అంగుళాలు: 1.250
- 12 అంగుళాలు: 1.414

డిగ్రీల్లో:

- 15 డిగ్రీలు: 1.035
- 20 డిగ్రీలు: 1.064
- 25 డిగ్రీలు: 1.103
- 30 డిగ్రీలు: 1.155
- 35 డిగ్రీలు: 1.221
- 45 డిగ్రీలు: 1.414

ఇక్కడ లేని వాలు వస్తే మీరే కట్టుకోవచ్చు. అంగుళాలని వర్గం చేసి 144 కలపండి, వర్గమూలం తీసి 12తో భాగించండి. వాలు 5 అయితే 25 + 144 = 169. వర్గమూలం 13. దాన్ని 12తో భాగిస్తే 1.083.

ఉపగ్రహ చిత్రంలో ఇంటి కప్పు గీసి కొలిచేవాళ్లకీ ఇదే వర్తిస్తుంది. ఆ చిత్రంలో దొరికేది పైనుంచి కనిపించే చదునైన వైశాల్యమే. వాలు గుణకం మీరు కలపాల్సిందే.

6. ఒక ఇల్లు మొదటి నుంచి చివరిదాకా

రెండు వాలుల ఇల్లు. గోడల బయటి కొలత 30 × 24 అడుగులు. చుట్టూ అడుగున్నర చూరు. వాలు అడుగుకి 6 అంగుళాలు.

- చూరుతో పొడవు: 30 + 1.5 + 1.5 = 33 అడుగులు
- చూరుతో వెడల్పు: 24 + 1.5 + 1.5 = 27 అడుగులు
- కింది వైశాల్యం: 33 × 27 = 891 చదరపు అడుగులు
- కప్పు వైశాల్యం: 891 × 1.118 = 996 చదరపు అడుగులు
- ఒక వాలు నిడివి, కొప్పు నుంచి చూరు దాకా: 13.5 × 1.118 = 15.09 అడుగులు, అంటే 15 అడుగుల 1 అంగుళం

చివరి అంకె చుట్టూ సున్నా చుట్టి పెట్టుకోండి. సరుకు లెక్కంతా దాని మీదే నడుస్తుంది. లోపల సీలింగ్ లేకుండా వాసాలు కనిపిస్తుంటే కొప్పు నుంచి గోడ దాకా టేపుతో నేరుగా కొలిచి, బయటి చూరు ముక్క కలిపి, ఈ అంకెతో పోల్చండి. రెండు అంగుళాల్లోపు తేడా ఉంటే మీ వాలు సరిగ్గా పట్టినట్టే.

7. నాలుగు వాలులు, ఎల్ ఆకారం, మండువా

నాలుగు వాలుల ఇల్లు అనగానే చాలామంది కంగారుపడి త్రికోణాలు విడగొట్టడం మొదలుపెడతారు. నాలుగు పక్కలా వాలు ఒక్కటే అయితే ఆ అవసరం లేదు. కింది వైశాల్యాన్ని గుణకంతో గుణిస్తే చాలు. పైన చెప్పిన 33 × 27 కప్పుని నాలుగు వాలులుగా కట్టినా 996 చదరపు అడుగులే. పెరిగేది మూల కొప్పుల నిడివి, కోత తరుగు.

మూల కొప్పు నిడివికి సూత్రం ఇది: సగం వెడల్పు వర్గం రెండింతలు, దానికి ఎత్తు వర్గం కలిపి, వర్గమూలం. చూరు నుంచి కొప్పు కిందికి అడ్డంగా 10 అడుగులు, ఎత్తు 5 అడుగులు అయితే 100 + 100 + 25 = 225. వర్గమూలం 15 అడుగులు. ఇలాంటివి నాలుగు.

ఎల్ ఆకారపు ఇంటిని రెండు దీర్ఘచతురస్రాలుగా విడగొట్టండి. రెండూ కలిసే ముక్క రెండుసార్లు లెక్కలోకి రాకుండా చూసుకోండి. కాలువలో వేసే జీఐ (జింకు పూత ఇనుప) రేకు నిడివికి కూడా మూల కొప్పు సూత్రమే పనికొస్తుంది.

గోదావరి జిల్లాల మండువా లోగిలిలో కప్పు బయటికీ జారుతుంది, లోపలి మండువాలోకీ జారుతుంది. బయటి చూరు కొలతతో మొత్తం వైశాల్యం తీసి, మధ్యలో ఆకాశం కనిపించే ఖాళీని తీసేయాలి. ఆ ఖాళీని స్తంభాల మధ్య కొలవకూడదు, లోపలి చూరు అంచుల మధ్య కొలవాలి. బయట 40 × 36, లోపల ఖాళీ 8 × 8 అయితే 1440 − 64 = 1376. వాలు అన్ని పక్కలా 6 అంగుళాలే అయితే 1376 × 1.118 = 1538 చదరపు అడుగులు. లోపలి వాలు వేరేగా ఉంటే ఆ భాగాన్ని విడిగా కట్టండి. మండువా మూలల్లో నాలుగు కాలువలు ఉంటాయి, వాటి రేకు మర్చిపోవద్దు.

8. పెంకుల లెక్క

మంగళూరు పెంకు, కొన్నిచోట్ల బంగాళా పెంకు అంటారు, సుమారు 16 అంగుళాల పొడవు, 9 అంగుళాల పైచిలుకు వెడల్పు ఉంటుంది. ఒకదాని మీద ఒకటి ఎక్కి గాడిలో కూర్చోవడం వల్ల అది నిజంగా కప్పేది అంతకంటే తక్కువ. ఆ "కప్పే కొలత" ఫ్యాక్టరీని బట్టి మారుతుంది. అందుకే వంద అడుగులకి ఇన్ని అని ఎవరో చెప్పిన అంకెని నమ్మి ఆర్డరు ఇవ్వొద్దు.

షాపులో 20 పెంకులు అడిగి, నేల మీద ఇలా పరిచి చూడండి.

1. పది పెంకులు పక్కపక్కన గాడిలో బిగించి పెట్టి, మొదటి పెంకు ఎడమ అంచు నుంచి పదో పెంకు ఎడమ అంచు దాకా కొలవండి. అందులో తొమ్మిది పెంకుల వెడల్పు ఉంటుంది.
2. అవే పెంకుల్ని గాడి ఊడకుండా ఎంత వదులవుతాయో అంత లాగి మళ్లీ కొలవండి.
3. రెండింటి సగటుని 9తో భాగిస్తే ఒక పెంకు కప్పే వెడల్పు.
4. పైనుంచి కిందికి కూడా ఇలాగే చేస్తే వరసకి వరసకి దూరం వస్తుంది. రీపర్లు (పెంకులు ఆనే సన్నని చెక్క పట్టీలు) కొట్టే దూరం కూడా అదే.

వెడల్పు 8.25, వరస దూరం 12.5 అంగుళాలు వచ్చాయనుకుందాం. మన ఇంటికి:

- వాలు నిడివి 181 అంగుళాలు ÷ 12.5 = 14.5, అంటే 15 వరసలు
- పొడవు 396 అంగుళాలు ÷ 8.25 = 48 పెంకులు
- ఒక వాలుకి 15 × 48 = 720, రెండు వాలులకి 1440
- 5 శాతం తరుగు కలిపితే 1512

ఇదే ఇంటికి వైశాల్యాన్ని భాగించి లెక్క కడితే 1391 వస్తుంది. 49 పెంకులు తక్కువ. ఆ అర వరసకి కూడా పూర్తి పెంకే కావాలన్న సంగతి వైశాల్యంలో కనబడదు. ఇల్లు ఇంకా కట్టకపోతే చూరు కొద్దిగా తగ్గించో పెంచో పూర్తి వరసలకి సరిపెట్టుకోవచ్చు.

కొప్పు పెంకులకి కూడా నాలుగైదు పరిచి కప్పే పొడవు తీయండి. 14 అంగుళాలు అయితే 396 ÷ 14 = 28.3, అంటే 29. పగిలితే ఉంటాయని రెండు కలిపి 31.

గూన పెంకుల ఎక్కుడు, అంటే ఒకదాని మీద ఒకటి ఎక్కే కొలత, మేస్త్రీ చేతిని బట్టి ఉంటుంది. మూడడుగుల చతురస్రం గీసి, మీ మేస్త్రీ చేతే పరిపించి, ఎన్ని పట్టాయో లెక్కపెట్టడం ఒక్కటే నమ్మదగ్గ దారి.

పాత పెంకులు దించి మళ్లీ వాడేటప్పుడు ఒక్కొక్కటీ వేలి కణుపుతో తట్టి చూడండి. ఖంగుమంటే మంచిది. బొంగురు చప్పుడు వస్తే లోపల చీలిక ఉన్నట్టే. కొత్త పెంకు గాడి పాతదానిలో సరిగ్గా కూర్చోదు. అందుకని పాతవన్నీ ఒక వాలుకి, కొత్తవన్నీ ఇంకో వాలుకి వేయించడం మేలు.

9. రేకుల లెక్క

సిమెంటు రేకు: వెడల్పు 1.05 మీటర్లు, పక్క ఎక్కుడు పోగా కప్పేది 1.01 మీటర్లు. నిడివి 1.75 నుంచి 3 మీటర్ల దాకా పావు మీటరు తేడాతో దొరుకుతాయి. పైరేకు కిందిరేకు మీద కనీసం 150 మిల్లీమీటర్లు ఎక్కాలి.

- వాలు నిడివి 15 అడుగుల 1 అంగుళం = 4.60 మీటర్లు. ఎక్కుడు 0.15 కలిపితే 4.75. 2.5 మీటర్ల రేకు, 2.25 మీటర్ల రేకు జతగా సరిపోతాయి.
- పొడవు 33 అడుగులు = 10.06 మీటర్లు. మొదటి రేకు 1.05, మిగతా 9.01 ÷ 1.01 = 8.9, అంటే 9. మొత్తం 10 వరసలు.
- రెండు వాలులకి 2.5 మీటర్లవి 20, 2.25 మీటర్లవి 20. కొప్పు రేకులు 10 జతలు.

చివరి పర్లిన్ (రేకులు బిగించే అడ్డ కమ్మీ) దాటి రేకు 300 మిల్లీమీటర్లకి మించి వేలాడకూడదు. చూరు అడుగున్నర కావాలంటే చివరి పర్లిన్‌ని వాసం కొస మీదికి జరపాలి. సిమెంటు రేకుల్లో చాలావాటిలో ఆస్బెస్టాస్ ఉంటుంది. పొడిగా రంపంతో కోస్తే వచ్చే దుమ్ము ఊపిరితిత్తులకి చాలా ప్రమాదం. కోత పడకుండా ఉండే నిడివి ఎంచుకోవడానికి ఇదొక పెద్ద కారణం.

కలర్ కోటెడ్ రేకు: దీన్ని కావాల్సిన నిడివికి కోయించుకోవచ్చు, కాబట్టి మధ్యలో అతుకు ఉండదు. షాపులో మూడున్నర అడుగుల రేకు అంటారు, కప్పేది దాదాపు మూడుంబావు అడుగులే. కంపెనీని బట్టి ఇది మారుతుంది, అడిగి రాసుకోండి.

- 33 − 3.5 = 29.5. దాన్ని 3.25తో భాగిస్తే 9.08. అంటే ఇంకో 10 రేకులు, మొత్తం 11.
- రెండు వాలులకి 22 రేకులు, ఒక్కొక్కటి 15 అడుగుల 1 అంగుళం.

ఆ 0.08 అంటే 3 అంగుళాలు. పక్క చూరుల్లో కలిపి 3 అంగుళాలు తగ్గిస్తే ఒక్కో వాలుకి 10 రేకులతో పని అయిపోతుంది. రెండు రేకుల డబ్బు మిగులుతుంది. ఇలాంటి అవకాశం కాగితం మీద ఉన్నప్పుడే దొరుకుతుంది, పర్లిన్లు బిగించాక దొరకదు.

గట్టర్ పెట్టేటట్టయితే రేకు అందులోకి ఒక 2 అంగుళాలు దిగేలా చూడండి. కొప్పు ముక్కలు 10 అడుగులవైతే 6 అంగుళాల ఎక్కుడుతో 33 అడుగులకి 4 పడతాయి. స్క్రూలకి లెక్క: రేకులు × పర్లిన్లు × ఒక్కో చోట స్క్రూలు. ఒక వాలుకి 5 పర్లిన్లు, ఒక్కో చోట 4 అయితే 22 × 5 × 4 = 440. తుఫాను గాలి తగిలే తీర ప్రాంతంలో చూరు, అంచుల దగ్గర పొదుపు చేయొద్దు.

10. తరుగు ఎంత పట్టాలి?

- రెండు వాలుల ఇల్లు, పెంకులు: 5 శాతం
- నాలుగు వాలులు లేదా కాలువలున్న ఇల్లు: 10 శాతం
- రేకులు: శాతం కాదు, ప్రతి నిడివిలో ఒక్కటి అదనం. కొలతకి కోయించిన కలర్ రేకుకి అదీ అక్కర్లేదు.

తరుగు మీరొకసారి, మేస్త్రీ ఒకసారి, షాపువాళ్లు ఒకసారి కలిపితే 5 శాతం కాస్తా 15 అవుతుంది. తరుగు కలిపారా లేదా అని కాగితం మీదే రాయండి.

11. తరచూ జరిగే తప్పులు, సవరణలు

ఎత్తుని మొత్తం వెడల్పుతో భాగించడం. 6 అంగుళాల వాలు 3గా కనిపిస్తుంది. భాగించాల్సింది సగం వెడల్పుతో. రసమట్టంతో ఒక వాసం చూస్తే ఈ తప్పు వెంటనే బయటపడుతుంది.

15 అడుగుల 6 అంగుళాలని 15.6 అని రాయడం. అది 15.5. అంగుళాలని 12తో భాగించాకే చుక్క పెట్టండి.

అడుగులూ మీటర్లూ కలిపేయడం. ఒక చదరపు మీటరు 10.764 చదరపు అడుగులు. లెక్కంతా ఒకే కొలమానంలో చేసి, చివర్లో మార్చుకోండి.

కొప్పు తిన్నగా ఉందనుకోవడం. పాత దూలం మధ్యలో కుంగి ఉంటే కొసల్లో ఒక నిడివి, మధ్యలో ఒక నిడివి వస్తుంది. మూడు చోట్ల కొలిచి, పెద్దదాన్ని తీసుకోండి. దూలం బాగా కుంగితే ముందు వడ్రంగిని పిలిపించండి, పెంకుల ఆర్డరు తర్వాత.

కొన్ని షాపుల్లో రేకు చదరపు అడుగు ధర పూర్తి వెడల్పు మీద ఉంటుంది, కప్పే వెడల్పు మీద కాదు. రెండు షాపుల ధరలు పోల్చేటప్పుడు మొత్తం రేకుల ఖర్చునే పోల్చండి.

12. షాపుకి పట్టుకెళ్లాల్సిన కాగితం

- కప్పు బొమ్మ, ప్రతి వాలుకీ నంబరు
- ఒక్కో వాలు పొడవు, నిడివి, అడుగులు అంగుళాల్లో
- మొత్తం వైశాల్యం, ధర కోసం
- పెంకులైతే కప్పే వెడల్పు, వరస దూరం, వరసలు, మొత్తం సంఖ్య
- రేకులైతే ఏ నిడివివి ఎన్ని, మందం, రంగు
- కొప్పు, మూల కొప్పు, కాలువల నిడివి
- స్క్రూలు లేదా జె హుక్కులు, వాషర్లు
- "తరుగు కలిపాం" లేదా "కలపలేదు"

బండి వచ్చాక దించే ముందే ఒక రేకు నిడివి, వెడల్పు టేపుతో కొలవండి. పెంకులైతే పై వరసలో ఒకటి, అడుగు వరసలో ఒకటి తీసి, మీరు చూసిన నమూనా పెంకుతో గాడి కూర్చుంటుందో లేదో చూశాక సంతకం పెట్టండి.